అధ్యక్షుడు ఊళ్లో లేని రోజు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మాకు ఇచ్చిన విషయం "నాయకత్వ పద్ధతులు - ఉద్యోగుల పనితీరు" అన్నది. పేరు వింటే ఇదేదో పట్టణాలలోని పెద్ద ఆఫీసుల సంగతి అనిపిస్తుంది. మన సంఘంలో ఉండేది ఒక కార్యదర్శి, ఒక టెస్టరు, మహా అయితే ఒక సహాయకుడు. ముగ్గురు మనుషులకు నాయకత్వ పద్ధతులేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చును. కాబట్టి ముందుగా ఒక చిన్న లెక్క మీ ముందు పెడతాము.

ఒక రైతు పూటకు 5 కిలోల గేదె పాలు పోస్తున్నాడనుకోండి. ఆ పాలలో వెన్న 6.5 శాతం ఉన్నది. టెస్టరు శ్రద్ధ లేకనో, భయం వల్లనో 6 శాతం అని రాశాడు. తేడా అర శాతమే. అంటే పూటకు 25 గ్రాముల వెన్న. కిలో వెన్నకు 700 రూపాయలు చొప్పున లెక్క కట్టుకుంటే పూటకు పదిహేడున్నర రూపాయలు, రోజుకు 35 రూపాయలు, నెలకు 1,050 రూపాయలు. ఆ ఇంటి పాడి మీద ఇది దాణా ఖర్చులో మంచి భాగం. రెండు వందల మంది పాలు పోసే ఊళ్లో, ఆ ఒక్క మనిషి చేతిలో రోజూ రెండుసార్లు ఎంత సొమ్ము అటో యిటో అవుతున్నదో మీరే ఆలోచించండి. ఆ మనిషి ఎలా పని చేస్తాడన్నది అతని నైజం మీద కొంత, అతని పైవాడు అతనితో ఎలా నడుచుకుంటాడన్న దాని మీద చాలా ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఈ రెండవ సంగతి.

పాల పనికి ఇంకొక ప్రత్యేకత ఉన్నది. పత్తి అయినా ధాన్యం అయినా ఇవాళ కాకపోతే రేపు తూచుకోవచ్చు. పాలు ఆగవు. తెల్లవారక ముందే మొదలుపెట్టి, గంటన్నరలో ముగించి, బండి వచ్చేసరికి క్యాన్లు సిద్ధం చేయాలి, లేదా పాలు బల్క్ కూలరులో పడాలి. సాయంత్రం మళ్లీ అదే పని. ఏడాదికి 730 పూటలు. ఏ అధ్యక్షుడూ 730 పూటలు కేంద్రంలో నిలబడి కాపలా కాయలేడు. పొలం పని ఉంటుంది, పెళ్లి ఉంటుంది, జ్వరం వస్తుంది. కనుక నాయకుడి గొప్పతనం అతను కేంద్రంలో ఉన్న పూట తెలియదు. అతను ఊళ్లో లేని పూట తెలుస్తుంది. ఆ పూట కూడా పని అలాగే జరిగితే నాయకత్వం ఉన్నట్లు. జరగకపోతే, ఉన్నది కాపలా మాత్రమే.

ఈ మాట పరీక్ష చేసి చూసినవారు ఉన్నారు. అమెరికాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పాటు లిప్పిట్, వైట్ అనే ఇద్దరు 1930ల చివర అయోవా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. పదేళ్ల వయసు మగపిల్లలను చిన్న చిన్న జట్లుగా చేసి, బడి వదిలిన తరువాత మాస్కులు తయారు చేయడం వంటి పనులు ఇచ్చారు. జట్టుకొక పెద్దమనిషిని పెట్టారు. ఒక పెద్దమనిషి ప్రతిదీ తానే శాసించేవాడు. ఏ పని ఎవరు చేయాలో, తరువాత ఏమి చేయాలో అన్నీ తన నోటి నుంచే రావాలి. రెండవ తరహా పెద్దమనిషి పిల్లలతో కూర్చుని, చేయవలసిన పని అంతా ముందుగా వివరించి, పంపకం వాళ్ల చేతనే చేయించేవాడు. అడిగితే సలహా చెప్పేవాడు. మూడవ తరహా మనిషి సామగ్రి అక్కడ పెట్టి ఊరుకునేవాడు. మీ యిష్టం అన్నట్లు.

ఫలితాలను 1939లో ప్రకటించారు. ఏమి తేలింది? పట్టించుకోని పెద్దమనిషి దగ్గర పని అన్నిటికంటె తక్కువ జరిగింది. ఇది మనం ఊహించగలిగినదే. శాసించే పెద్దమనిషి దగ్గర పని బాగానే జరిగింది. రాశిలో మిగతావాటి కంటె కొంచెం ఎక్కువే జరిగింది. ఈ సంగతి మేము దాచదలచుకోలేదు. కాని ఆ పెద్దమనిషి గదిలో నుంచి బయటికి వెళ్లగానే అక్కడ పని కుంటుపడింది. కొందరు పిల్లలు ఒకరి మీద ఒకరు విరుచుకుపడ్డారు, కొందరు నిరుత్సాహంగా కూర్చున్నారు. కలిసి ఆలోచించిన జట్టులో మాత్రం, పెద్దమనిషి బయటికి వెళ్లినా పని ఇంచుమించు మామూలుగానే సాగింది. పిల్లల మీద చేసిన ప్రయోగం పాల సంఘానికి అచ్చంగా వర్తిస్తుందని మేము అనము. కాని మనిషి గది దాటితే ఏమవుతుంది అన్న ప్రశ్న మాత్రం మన కేంద్రాలకు సరిగ్గా సరిపోతుంది.

ఇక మన పాడి ప్రపంచంలోకి వద్దాము. ఒకే ఉద్యోగి, రెండు రకాల నాయకత్వాల క్రింద ఎంత భిన్నంగా పని చేస్తాడో చెప్పడానికి ఆనంద్‌ను మించిన ఉదాహరణ మాకు తెలియదు.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946 జనవరిలో ఒక నిశ్చయానికి వచ్చారు. అప్పట్లో బొంబాయికి పాలు పంపే హక్కు ఒకే ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది. ఆ కంపెనీకి పాలు పోయము, మా సంఘం పాలే ప్రభుత్వం కొనాలి అన్నారు. పదిహేను రోజులు ఒక్క చుక్క పోయలేదు. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ సలహా, మొరార్జీ దేశాయ్ ప్రోత్సాహం వారికి ఉన్నవి. ఆ సంవత్సరం డిసెంబరు 14న ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ రిజిస్టరు అయినది. దానికి అధ్యక్షుడు త్రిభువన్‌దాస్ పటేల్‌గారు. 1948లో పని ఆరంభించినప్పుడు ఉన్నవి రెండు గ్రామ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్ల పాలు. ఈనాడు మనలో చాలా సంఘాలు ఒక్కొక్కటే అంతకు మించి పోస్తున్నవి.

అదే ఆనంద్‌లో ప్రభుత్వ క్రీమరీ ఒకటి ఉండేది. 1949 మే నెలలో అక్కడికి ఒక యువ ఇంజనీరు ఉద్యోగానికి వచ్చాడు. ప్రభుత్వ ఉపకార వేతనంతో అమెరికాలో చదివి వచ్చినవాడు. ఆ ఒప్పందం ప్రకారం ప్రభుత్వం చెప్పిన చోట పని చేయక తప్పదు. ఆయనే వర్గీస్ కురియన్. వచ్చిన దగ్గర నుంచి ఆయనకు అక్కడ చేయడానికి తగిన పని లేదు. జీతం ఉన్నది, కుర్చీ ఉన్నది, బాధ్యత లేదు. ఎప్పుడు వదిలిపెడతారా అని రాజీనామాలు పంపుతూ కూర్చున్నాడు. ఆ రోజుల్లో ఆయనను చూసిన తనిఖీ అధికారి ఎవరైనా "ఈ ఉద్యోగికి శ్రద్ధ లేదు" అని రాసి ఉంటే, అది తప్పు రాత కాదు.

ఆ ఆవరణలోనే సహకార యూనియన్ పాత యంత్రాలతో అవస్థ పడుతున్నది. త్రిభువన్‌దాస్‌గారు వచ్చి అడిగితే కురియన్ ఆ యంత్రాలకు మరమ్మతు చేసి పెట్టేవాడు. చివరికి ఇవి పనికిరావు, కొత్త యంత్రం కొనండి అని చెప్పాడు. అధ్యక్షుడు ఆ మాట నమ్మి అప్పు తెచ్చి కొన్నాడు. ఇంతలో రాజీనామా అంగీకరించబడినది. కురియన్ పెట్టె సర్దుకున్నాడు. కొత్త యంత్రం బిగించి నడిపి చూపించేదాకా ఉండమని త్రిభువన్‌దాస్‌గారు అడిగారు. ఉన్నాడు. ఆ ఉన్నవాడు 2012లో కన్నుమూసే వరకు ఆనంద్‌నే తన ఊరు చేసుకున్నాడు.

సోదరులారా, మనిషి మారలేదు. చదువు మారలేదు. ఊరు కూడా మారలేదు. మారినది ఒక్కటే. మొదటి చోట అతనిని ఎవరూ ఏమీ అడగలేదు. రెండవ చోట ఒక అధ్యక్షుడు వచ్చి, "ఇది మా కష్టం, దీనికి మీరు ఏమంటారు" అని అడిగాడు. చెప్పినది విని, దాని మీద సొమ్ము పెట్టి, ఫలితానికి అతనిని జవాబుదారు చేశాడు.

త్రిభువన్‌దాస్‌గారు సుమారు పాతికేళ్లు అధ్యక్షుడుగా ఉన్నారు. ఆయన తన పని ఏదో, మేనేజరు పని ఏదో గీత గీసుకున్నారు. గ్రామాలు తిరగడం, సభ్యులను కూడగట్టడం, తగవులు తీర్చడం, రాజకీయ ఒత్తిడులు డెయిరీ గుమ్మం దాటకుండా చూడడం తన పని. యంత్రాలు, నాణ్యత, అమ్మకం, ఉద్యోగుల నియామకం మేనేజరు పని. ఆ గీతను ఆయన దాటలేదు. అలాగని వదిలివేయనూ లేదు. సొమ్ము రైతులది కనుక లెక్క రైతుల ముందుకు రావలసినదే.

పైవాడు తనను ఎలా చూశాడో కురియన్ తన క్రింద వారిని అలాగే చూశాడు. హెచ్.ఎం. దలాయా అనే డెయిరీ నిపుణుడిని రప్పించాడు. గేదె పాలతో పాలపొడి చేయడం సాధ్యం కాదని ఆ రోజుల్లో విదేశీ నిపుణులు అంటుండేవారు. దలాయా చేసి చూపించాడు. 1955 అక్టోబరు 31న పాలపొడి కర్మాగారాన్ని ప్రధాని నెహ్రూ ప్రారంభించారు. మేనేజరు దలాయాను నమ్మి చేయనివ్వకపోతే ఆ పని జరిగేది కాదు. అయితే కురియన్ మెత్తని మనిషి అని ఎవరూ అనుకోవద్దు. మాట కటువు, పట్టుదల ఎక్కువ. మంచి నాయకత్వం అంటే ఎప్పుడూ చిరునవ్వు అని కాదు. పని ఏమిటో తేల్చి చెప్పడం, చేసేవాడికి చేతులు కట్టివేయకపోవడం, లెక్క అడగడం, ఈ మూడూ కలిసి ఉండాలి.

1963లో త్రిభువన్‌దాస్ పటేల్, కురియన్, బొంబాయి పాల పథకం నడిపిన దారా ఖురోడీ, ముగ్గురికీ కలిపి మెగసెసె పురస్కారం ఇచ్చారు. ఆ తరువాతి ఏడు, 1964 అక్టోబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు అక్కడికి వచ్చి, ఒక రాత్రి గ్రామంలో రైతు ఇంట బస చేశారు. దేశంలో అనేక చోట్ల ప్రభుత్వ డెయిరీలు పెట్టినా ఇక్కడ మాత్రమే ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలన్నది ఆయన కోరిక. ఇక్కడి నేల మిగతా చోట్ల కంటె సారమైనది కాదు, గేదెలు మేలైనవి కావు, వానలు ఎక్కువ కావు. తేడా ఒక్కటే, ఇక్కడి డెయిరీ రైతులది, దాని మేనేజరు రైతులకు జవాబు చెప్పవలసిన ఉద్యోగి. ఆ పద్ధతిని దేశమంతటా పెట్టాలని 1965లో జాతీయ పాడి అభివృద్ధి బోర్డును ఆనంద్‌లోనే స్థాపించారు. 1970లో పాల వెల్లువ పథకం మొదలయినది.

మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా పాడి పని మొదట ప్రభుత్వ శాఖగానే సాగింది. 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషన్ అయినది. 1981లో, ఆనంద్ పద్ధతిని అమలు చేయడానికి, సహకార ఫెడరేషన్ అయినది. 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయిన తరువాత సంస్థలూ విడివడ్డవి. బోర్డుల మీద పేర్లు ఇన్నిసార్లు మారినవి. కాని క్యాన్ మార్చినంత మాత్రాన పాలు చిక్కబడవు. సహకార సంఘమని బోర్డు పెట్టి లోపల పాత కచేరీ పద్ధతి నడిపితే, ఉద్యోగి పాత కచేరీ ఉద్యోగిలాగే పని చేస్తాడు. పైనుంచి కాగితం వస్తే తప్ప కదలడు. తప్పు జరిగితే కప్పిపుచ్చుతాడు. అది అతని దుర్గుణం కాదు, అతనికి మనం నేర్పిన పాఠం.

ఈ మాట మేము ఇతరులను ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. మా తప్పు ఒకటి ముందుగా ఒప్పుకుంటాము. సంఘాల తనిఖీకి తిరిగే రోజుల్లో ఒక ఊరి కార్యదర్శిని, క్యాన్లు సరిగా కడగలేదని, పాలు పోయడానికి వచ్చిన సభ్యులందరి ముందు మేము గట్టిగా మందలించాము. అతను తల దించుకున్నాడు. మంచి పని చేశామని మేము అనుకున్నాము. కొద్ది రోజులకు ఒక సాయంత్రం ఆ కేంద్రంలో ఒక క్యాను పాలు పులిశాయి. వాసన చూస్తేనే తెలుస్తుంది. ఆ క్యాను పక్కన పెట్టి మాకు కబురు చేసి ఉంటే నష్టం ఒక్క క్యానుతో పోయేది. మళ్లీ నలుగురిలో మాట పడవలసి వస్తుందని భయపడి, అతను ఆ పాలను మిగతా క్యాన్లలో తలా కాస్త కలిపాడు. శీతలీకరణ కేంద్రం చేరేసరికి ఆ ఊరి పాలన్నీ విరిగిపోయినవి. ఆ పూట ఆ ఊళ్లో ఏ ఇంటికీ పాల డబ్బు రాలేదు. కలిపినది అతనే, కాని భయం మేము పెట్టినది. ఆనాటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాము. మందలింపు గది లోపల, మెచ్చుకోలు నలుగురిలో.

ఇంకొక సంఘం సంగతి చెబుతాము. ఊరి పేరు అవసరం లేదు, ఇటువంటివి అనేక ఊళ్లలో ఉన్నవి. యంత్రాలు ఇంకా రాని రోజులు. ఆ సంఘంలో పాలు నెలనెలా తగ్గిపోతున్నవి. లెక్కలు చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒక రోజు కేంద్రంలో కూర్చున్నాము. ఒక ముసలమ్మ వచ్చి పాలు పోసి, టెస్టరు రాసిన అంకె చదివించుకుని, "ఇంట్లో కవ్వం పెడితే ఇంత వెన్న పడుతున్నది. నీ సీసాలో మాత్రం పడదేం నాయనా?" అని అడిగింది. ఆ కుర్రవాడు జవాబు చెప్పలేదు. అందరూ వెళ్లిన తరువాత మా దగ్గర కూర్చుని అసలు మాట చెప్పాడు: "సార్, నేను పరీక్ష చేయడం మానేసి ఏడాది దాటింది. మనిషి ముఖం చూసి రాస్తున్నాను."

ఎందుకలా? అధ్యక్షుడి పాలకు, ఆయన బంధువుల పాలకు వెన్న తక్కువ పడిన ప్రతిసారీ చీవాట్లు. కొన్నాళ్లకు ఆ ఇళ్లకు 7 కంటె తక్కువ రాయడం మానుకున్నాడు. అక్కడ ఎక్కువ రాసినది డెయిరీ దగ్గర తగ్గుతుంది గదా. ఆ లోటు పూడ్చడానికి, అడిగేవారు లేని ఇళ్ల పాలలో తలా కొంత కోశాడు. ఆ ముసలమ్మ ఇల్లు అందులో ఒకటి. ఎలాగూ రాసేది ముఖం చూసే అయినప్పుడు ఆమ్లం, ఆల్కహాల్ దండగ ఎందుకని పరీక్షే మానేశాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు. శిక్షణ తరగతిలో మంచి పేరు తెచ్చుకున్నవాడు. కంచే చేను మేస్తుంటే కాపలావాడు ఏమి చేయగలడు?

ఆ ఏడు సర్వసభ్య సమావేశంలో కొత్త అధ్యక్షుడు వచ్చాడు. పెద్దగా చదువుకున్నవాడు కాదు. ఉద్యోగులను మార్చలేదు. మొదటి రోజు తెల్లవారుజామున తన పాల క్యాను పట్టుకుని వచ్చి వరుసలో అందరికంటె ముందు నిలబడ్డాడు. "నా పాలు అందరి ఎదుట పరీక్ష చేయి" అన్నాడు. బ్యుటిరోమీటరులో 10 మిల్లీలీటర్ల ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు ఆల్కహాల్, పద్ధతి ప్రకారం చేసి, యంత్రంలో తిప్పి, టెస్టరు సీసాను వెలుతురుకు ఎత్తాడు. 5.8 శాతం. అతని చేయి వణికింది. అధ్యక్షుడు అన్న మాట ఒక్కటే: "ఉన్నది రాయవయ్యా." రాశాడు. ఆ తరువాత ఆ ఊళ్లో ఎవరూ, నా పాలకు ఎందుకు తగ్గిందని ఆ కుర్రవాడి మీద చేయి ఎత్తలేదు. ఎత్తడానికి ముఖం లేదు. కొన్ని నెలలకు విడిచిపోయిన సభ్యులు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. ఆ ముసలమ్మ కూడా.

ఇందులో మనం గమనించవలసినది ఏమంటే, ఆ అధ్యక్షుడు ఉపన్యాసం చెప్పలేదు, బెదిరించలేదు, బతిమాలలేదు. నిజం రాయడం వలన ఉద్యోగికి కీడు రాదని ఒక్క ఉదయంలో రుజువు చేశాడు. ఆ మర్నాడు ఆయన కేంద్రానికి రాకపోయినా ఫరవాలేదు.

అయితే నమ్మకం ఒక్కటే చాలదు. అంతా నీకే వదిలాను అని ఊరుకున్నవాడు లెవిన్ చెప్పిన మూడవ పెద్దమనిషి అవుతాడు. నమ్మకం ఎంతో, కొలత అంత ఉండాలి. మా అనుభవంలో పని చేసిన పద్ధతులు కొన్ని మనవి చేస్తాము.

మొదటిది. ఏ పని ఎవరిదో కాగితం మీద రాసుకోండి. రేట్లు, నియమాలు, నియామకాలు, ఖర్చుల పరిమితి పాలకవర్గానివి. పాల సేకరణ, పరీక్ష, రిజిస్టర్లు, రోజువారీ నిర్ణయాలు కార్యదర్శివి. చెడిపోయిన పాలు వెనక్కు పంపే అధికారం టెస్టరుకు ఉండాలి. ఆ పాలు ఎవరివైనా సరే.

రెండవది. పాలకవర్గ సభ్యుల పాలకు వేరే వరుస, వేరే కొలత ఉండరాదు. వీలయితే వారి పాలే ముందుగా పరీక్ష చేయించండి.

మూడవది. వెన్న లెక్క చూడండి. సభ్యులందరికీ కలిపి రాసిన వెన్న ఎన్ని కిలోలు, డెయిరీ రశీదులో వచ్చిన వెన్న ఎన్ని కిలోలు, పది రోజులకొకసారి పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఎవరినీ నిందించనక్కరలేదు, తేడా ఎంతో అంకెలే చెబుతాయి. దానితో పాటు వారానికొకసారి నాలుగు నమూనాలు తీసి, పాలు పోసినవారి ఎదుటనే మళ్లీ పరీక్ష చేయించండి.

నాలుగవది. తేడా కనిపించినప్పుడు ముందు పనిముట్టును అడగండి, తరువాత మనిషిని. గెర్బర్ పరీక్ష అయితే ఆమ్లం బలం సరిగా ఉన్నదా, పిపెట్టు అంచు విరిగిందా? యంత్రమైతే పూటపూటా కడుగుతున్నారా, సరిచూసి ఎన్నాళ్లయింది, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ నిలుస్తున్నదా? యంత్రం వచ్చింది గదా, ఇక మోసం లేదనుకోవద్దు. యంత్రం ముందు నమూనా పెట్టేది మనిషే.

ఐదవది. జీతం తేదీకి ఇవ్వండి. మూడు నెలలు జీతం నిలిపి నిజాయితీ గురించి ఉపన్యాసం చెప్పే హక్కు ఏ అధ్యక్షుడికీ లేదు.

ఆరవది. ఇంకొకరికి పని నేర్పించండి. కార్యదర్శి ఒక్కడికే లెక్కలు తెలిసిన సంఘం, అతను మంచం పడితే మూతపడుతుంది. ఊళ్లో చదువుకున్న ఆడపిల్లలు ఉన్నారు. వారికి పరీక్ష, రిజిస్టర్లు నేర్పండి. గేదెకు మేత వేసి పాలు పితికేది చాలా ఇళ్లలో ఆడవారే. ముల్కనూరులో 2002 నుంచి మహిళలే సభ్యులుగా, మహిళలే పాలకవర్గంగా డెయిరీని నడుపుకుంటున్నారు. మన సంఘాలలో పాలు పోసేది వారు, వేలిముద్రకు మాత్రం మగవారు అన్న పద్ధతి ఇంకా ఎన్నాళ్లు?

ఈ ఆరవ మాట అధ్యక్షులకూ వర్తిస్తుంది. తన తరువాత వచ్చేవాడిని తయారు చేయడం నాయకత్వంలో అన్నిటికంటె కష్టమైన పని. ఎంత గొప్పవారికైనా అది సులభం కాదు. కురియన్‌గారు కూడా 2006లో గుజరాత్ పాల మార్కెటింగ్ ఫెడరేషన్ అధ్యక్ష పదవిని పాలకవర్గంతో అభిప్రాయభేదాల మధ్యనే వదిలారు. అయినా సంస్థ ఆగలేదు, ఇంకా పెరిగింది. ఆయన నిలబెట్టిన పద్ధతి ఆయన లేనప్పుడు కూడా నడవడమే ఆయన పనికి నిజమైన సాక్ష్యం. ఇక త్రిభువన్‌దాస్‌గారు పదవి దిగినప్పుడు సభ్యులు తలా ఒక రూపాయి వేసుకుని ఆయనకు కానుక ఇచ్చారు. ఆయన ఆ సొమ్మును ఇంటికి తీసుకుపోలేదు. దానితో 1975లో గ్రామాల ఆరోగ్యం కోసం ఒక ధర్మసంస్థ పెట్టారు.

చివరగా సభ్యులకు ఒక మాట. అధ్యక్షుడు ఉద్యోగికి నాయకుడైతే, అధ్యక్షుడికి నాయకులు మీరు. "బాబాయ్, మా పాలకు కాస్త చూసి రాయమని చెప్పు" అని మీరు ఇంటికి వెళ్లి అడిగిన రోజున, ఆ ముసలమ్మ పాలలో నుంచి కోసి మీకు పెట్టమని అడిగినట్లే. సర్వసభ్య సమావేశానికి వచ్చి లెక్క అడగండి. అడిగే సభ్యుడు ఉన్న చోటనే జవాబు చెప్పే అధ్యక్షుడు ఉంటాడు. జవాబు చెప్పే అధ్యక్షుడు ఉన్న చోటనే ధైర్యంగా నిజం రాసే టెస్టరు ఉంటాడు.

అధ్యక్షులను మేము కోరేది పెద్ద పని కాదు. రేపు ఇంటికి వెళ్లిన తరువాత, కేంద్రంలో ఏ రిజిస్టరూ తిరగవేయకముందు, మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి: "నేను నాలుగు రోజులు ఊళ్లో లేకపోతే ఇక్కడ ఏమవుతుంది?" ఏమీ కాదు, అంతా ఇలాగే జరుగుతుంది అని మీ మనసు చెబితే, మీ సంఘం క్షేమంగా ఉన్నట్లు. సందేహం కలిగితే, పని ఎక్కడ మొదలు పెట్టాలో మీకు తెలిసినట్లే. మర్నాడు తెల్లవారుజామున మీ పాల క్యానుతో వరుసలో ముందు నిలబడండి.